అడిగినవారే జవాబు చెప్పాలి

హైటెక్ సిటీలోని సాఫ్ట్‌వేర్ కంపెనీ కావచ్చు, శ్రీసిటీలోని ఫ్యాక్టరీ కావచ్చు, జిల్లా కేంద్రంలోని పెద్ద ప్రైవేటు ఆస్పత్రి కావచ్చు. ఏడాదికోసారి ఉద్యోగుల ముందుకు ఒక సర్వే రావడం ఇప్పుడు మామూలైపోయింది. మీ పని మీకు తృప్తిగా ఉందా, మీ పై అధికారి మీ మాట వింటున్నారా, మీ స్నేహితులను ఇక్కడ చేరమని చెబుతారా అని అందులో అడుగుతారు. ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక అంకె నొక్కాలి. నింపడం ఆలస్యమైతే గుర్తు చేస్తూ రెండు మూడు మెయిళ్లు వస్తాయి. ఆ అంకెలన్నీ కూడి, భాగించి, రంగురంగుల పటాలు గీసి యాజమాన్యం ముందు పెడతారు. తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం ఆటలు, ముగ్గుల పోటీలు, కేకు కోయడాలు జరుగుతాయి. సర్వే నింపిన మనిషికి మాత్రం తాను చెప్పిన మాట ఏమైందో తెలియదు. మానవ వనరుల విభాగం, అంటే మనందరం హెచ్‌ఆర్ అని పిలుచుకునే విభాగం, ఉద్యోగికి చేయగలిగిన అసలైన మేలు ఎక్కడుందో ఈ పూట ఆలోచిద్దాం. నా వాదన ఒక్కటే. తన మాటకు జవాబు వస్తుందన్న నమ్మకం ఉన్నచోటే మనిషి పనిమీద మనసు పెడతాడు. ఆ జవాబు తప్పకుండా వచ్చే ఏర్పాటు చేయడం హెచ్‌ఆర్ మొదటి బాధ్యత. అది చేయకుండా ఎన్ని సంబరాలు జరిపినా అవి ఆ పూటతోనే సరి.

పనిమీద మనసు పెట్టడం, హెచ్‌ఆర్ భాషలో ఎంగేజ్‌మెంట్, అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. ఈ విషయంలో తర్వాతి పరిశోధనలన్నిటికీ దారి వేసిన పెద్దమనిషి విలియం కాన్ అనే అమెరికన్ ఆచార్యుడు. 1990లో వెలువడిన తన పరిశోధన కోసం ఆయన పిల్లల వేసవి శిబిరంలో పనిచేసే యువతీయువకులనూ, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులనూ దగ్గరగా గమనించారు. ఒకే మనిషి ఒక పూట పనిలో ప్రాణం పెట్టడం, మరో పూట అంటీముట్టనట్టు ఉండటం చూశారు. ఈ తేడా వెనుక మూడు సంగతులున్నాయని తేల్చారు. చేసే పనికి విలువ ఉందనిపించాలి. ఉన్నది ఉన్నట్టు మాట్లాడితే తనకు కీడు జరగదన్న భరోసా ఉండాలి. ఆ పనికి కావలసిన ఓపిక ఒంట్లోనూ మనసులోనూ మిగిలి ఉండాలి. ఈ మూడింటిలో ఏదీ పుట్టుకతో వచ్చే గుణం కాదు. మూడూ పనిచేసే చోటును బట్టి పెరుగుతాయి, తరుగుతాయి. ‘ఈ కాలం పిల్లలకు నిబద్ధత లేదు’ అని విసుక్కునే యజమానులు గమనించాల్సిన విషయం ఇది. గాలప్ సంస్థ ప్రపంచమంతటా జరిపే సర్వేలో, పనిలో నిజంగా మనసు పెట్టి ఉన్నారని తేలినవాళ్లు 2023లో 23 శాతం, 2024లో 21 శాతం. మేనేజర్లలో కూడా ఆ ఒక్క ఏడాదిలోనే ఈ వాటా 30 నుంచి 27కి పడిపోయింది. గాలప్ ఇలాంటి సర్వేలను అమ్ముకునే సంస్థ కాబట్టి ఆ అంకెలను కాస్త జాగ్రత్తగానే తీసుకోవాలి. అయినా సర్వేలు, సరదా శుక్రవారాలు ఇంతగా పెరిగిన కాలంలోనూ పరిస్థితి ఇలా ఉందంటే, లోపాన్ని మనుషుల్లో కంటే పద్ధతిలో వెతకడమే న్యాయం.

ఉద్యోగుల మాట వినాలన్న ఆలోచనకు వందేళ్ల చరిత్ర ఉంది. షికాగో పక్కనే సిసెరో పట్టణంలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి హాథార్న్ అనే కర్మాగారం ఉండేది. టెలిఫోన్ పరికరాలు తయారుచేసే ఆ కర్మాగారంలో ఒక దశలో దాదాపు నలభై వేలమంది పనిచేశారు. దీపాల వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని 1924లో అక్కడ మొదలైన ప్రయోగాలు రూపం మార్చుకుంటూ 1932 దాకా సాగాయి. హార్వర్డ్ ఆచార్యుడు ఎల్టన్ మేయో పేరు వాటితో ముడిపడిపోయింది. వెలుతురు ప్రయోగాల సంగతి మేనేజ్‌మెంట్ చదివినవాళ్లందరికీ తెలుసు. హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లు అంతకంటే శ్రద్ధగా చదవాల్సింది 1928లో మొదలైన ఇంటర్వ్యూల గురించి. 1930 నాటికి ఇరవై ఒక్క వేలకు పైగా ఉద్యోగులతో విడివిడిగా మాట్లాడారు. మొదట్లో ఇంటర్వ్యూ చేసేవారి చేతిలో ప్రశ్నల జాబితా ఉండేది. సూపర్‌వైజర్ ఎలా చూస్తున్నారు, పనిచేసే చోటు ఎలా ఉంది, ఇలాంటివే. ఉద్యోగులు వాటిని దాటుకుని తమకు కావలసిన సంగతిలోకి మళ్లిపోయేవారు. దాంతో పద్ధతి మార్చారు. జాబితా పక్కనపెట్టి, వాళ్లు ఏది మాట్లాడితే అది అడ్డు తగలకుండా వినడం మొదలుపెట్టారు. అరగంటలో ముగిసే సంభాషణ గంటన్నర దాకా సాగింది. యాజమాన్యం అడగదలుచుకున్నది వేరు, ఉద్యోగి చెప్పదలుచుకున్నది వేరు అని అప్పుడే తేలిపోయింది. అంకె నొక్కమనే మన సర్వేలు ఇన్నేళ్ల తర్వాత మళ్లీ ఆ మొదటి జాబితా దగ్గరే ఆగిపోయాయి.

ఆ ఇంటర్వ్యూలలో నమోదైన ఒక సంగతి వినండి. ఒక ఉద్యోగి కంపెనీ క్యాంటీన్ భోజనం గురించి చాలాసేపు ఘాటుగా ఫిర్యాదు చేశారు. కొన్నాళ్లకు అదే ఉద్యోగి ఇంటర్వ్యూ చేసినాయనకు ఎదురుపడి, భోజనం బాగుపడిందనీ, తన మాట పైవారికి చేరవేసినందుకు కృతజ్ఞతలనీ చెప్పారు. నిజానికి ఆ ఫిర్యాదు ఎవరికీ చేరలేదు. వంటలో ఏ మార్పూ జరగలేదు. ఇది నా వాదనకు మొదటి అభ్యంతరంగా నిలబడుతుంది. వింటే చాలు, మనిషికి ఊరట కలుగుతుంది, ఇక జవాబు ఎందుకు అని అడగవచ్చు. చాలా కంపెనీలు ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి కూడా. వినడం వల్ల బరువు దిగుతుందన్నది నిజమే. కానీ ఆ ఉద్యోగికి కలిగిన తృప్తిని జాగ్రత్తగా చూడండి. తన మాట పైకి వెళ్లిందని, దానివల్ల ఏదో జరిగిందని ఆ ఉద్యోగి నమ్మారు. ఆ నమ్మకమే తృప్తినిచ్చింది. అంటే ఆ సంఘటన కూడా జవాబు అవసరాన్నే చెబుతోంది. తేడా అల్లా, అక్కడ జవాబు ఊహలో దొరికింది. ఊహలో దొరికిన జవాబుకు ఒకటి రెండుసార్లు విలువ ఉంటుంది. మూడోసారి అదే కూర, అదే రుచి పళ్లెంలో కనిపించినప్పుడు ఆ నమ్మకం పోతుంది. పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడం మొదటిసారి సంపాదించడం కంటే ఎంతో కష్టం.

ఊరటతో తీరని సమస్యలు ఎలా ఉంటాయో అదే హాథార్న్‌లో మరో గది చూపించింది. 1931 నవంబరు నుంచి 1932 మే దాకా పద్నాలుగు మంది పురుషులను ఒక గదిలో కూర్చోబెట్టి, వాళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ పరికరాలకు తీగలు చుట్టే పనిని గమనించారు. ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ కూలి వచ్చే ఏర్పాటు ఉన్నా, వాళ్లు తమలో తాము ఒక హద్దు గీసుకున్నారు. రోజుకు రెండు పరికరాలు పూర్తయితే చాలు. ఎవరైనా తొందరపడి ఎక్కువ చేస్తే పక్కవాడు జబ్బ మీద ఒక గుద్దు గుద్దేవాడు. ఎక్కువ చేస్తే రేటు తగ్గిస్తారని, కొందరి ఉద్యోగాలు ఊడతాయని వాళ్ల భయం. ఈ భయాన్ని ఎంత ఓపిగ్గా వింటే మాత్రం తీరుతుంది? రేటు తగ్గించం, మనుషులను తీయం అని నిర్ణయం తీసుకోగలవారు చెబితేనే తీరుతుంది. ఈలోగా ఆర్థిక మాంద్యం ముదిరి, పని లేక ఆ పరిశీలన ఆగిపోయింది. తర్వాత 1936లో కంపెనీ ఉద్యోగుల గోడు వినడానికే ప్రత్యేకంగా కౌన్సెలర్లను పెట్టింది. గోప్యంగా వినడమే వాళ్ల పని, విన్న సమస్యను పరిష్కరించే అధికారం వాళ్లకు లేదు. ఇరవై ఏళ్లు నడిపి 1956లో ఆ ఏర్పాటును ముగించారు. వినే చెవికి, నిర్ణయించే చేతికి మధ్య దారి లేకపోతే ఎంత పెద్ద సంస్థ ఎంత డబ్బు పోసినా ఇంతే.

ఇక రెండో అభ్యంతరం. ఉద్యోగులను నోరు విప్పమంటే ఫిర్యాదులు వెల్లువెత్తుతాయి, లేని అసంతృప్తిని కొని తెచ్చుకోవడమే కదా అని మేనేజర్లు భయపడతారు. దీనికి హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ పరిశోధన మంచి సమాధానం. ఆస్పత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఆమె అధ్యయనం చేశారు. 1996లో అది ప్రచురితమైంది. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. నమోదైన లెక్కలు అందుకు విరుద్ధంగా వచ్చాయి. హెడ్‌నర్సుతో సఖ్యత బాగున్న జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ జట్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, జరిగిన తప్పును భయపడకుండా చెబుతున్నాయి. భయం ఉన్న వార్డుల్లో తప్పు దాగిపోతుంది, రోగి ప్రాణం మీదికి వచ్చాకే బయటపడుతుంది. కాబట్టి ఫిర్యాదుల సంఖ్య పెరిగిందని హెచ్‌ఆర్ కంగారు పడనక్కర్లేదు. ఏ ఫిర్యాదూ రాని విభాగం మీదే ముందు కన్నేయాలి. అయితే వచ్చిన ఫిర్యాదుకు జవాబు ఇవ్వకుండా మళ్లీ మళ్లీ అడగడం మాత్రం నిజంగానే హాని చేస్తుంది. వచ్చిన ప్రతిసారీ నాడి చూసి, మందు రాయకుండా పంపే వైద్యుడి దగ్గరికి రోగి ఎన్నిసార్లు వస్తాడు? ఉద్యోగి కూడా రెండోసారి మూడు అంకె నొక్కి ఊరుకుంటాడు. మూడోసారి రాజీనామా పత్రంతో వస్తాడు. అప్పుడు ఎగ్జిట్ ఇంటర్వ్యూ పేరుతో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలు ఏడాది ముందు అడిగి, వాటి మీద ఏదైనా చేసి ఉంటే ఆ మనిషి ఉండిపోయేవాడేమో.

మాటకు జవాబు దొరికే ఏర్పాటు మన నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే సింగరేణి బొగ్గు గనుల సంస్థ వైపు చూడవచ్చు. 1990వ దశకంలో సింగరేణి నష్టాల్లో కూరుకుపోయి రెండుసార్లు బి.ఐ.ఎఫ్.ఆర్. దాకా, అంటే ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బోర్డు దాకా వెళ్లింది. సంఘాలు చాలా ఉండేవి, ఎవరితో మాట్లాడితే ఎవరు ఒప్పుకుంటారో తెలియదు, మాటిమాటికీ సమ్మెలు. ఆ దశకం చివరి భాగంలో సంస్థ స్థితిగతులను కార్మికులకూ, వారి కుటుంబాలకూ నేరుగా చెప్పే ప్రయత్నం జరిగింది. 1998లో రహస్య ఓటుతో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగింది. ఎవరితో మాట్లాడాలో, ఎవరు జవాబుదారో స్పష్టమైంది. ఆ తర్వాత లాభాల్లో వాటా పంచే పద్ధతి వచ్చింది. 2023-24 సంవత్సరానికి ఆ వాటా 33 శాతం. సంస్థ గట్టెక్కడంలో ప్రభుత్వాలు ఇచ్చిన ఆర్థిక ఊతం కూడా ఉంది, అంతా సంభాషణ వల్లే జరిగిందనడం సరికాదు. కానీ మాట్లాడుకునే వేదిక లేకుండా ఆ ఊతం ఒక్కటే నిలబెట్టేదా అన్నది ఆలోచించాలి. గనిలో కార్మికుడి మాటకు మరో విలువ కూడా ఉంది. పైకప్పును కర్రతో తట్టినప్పుడు డొల్ల చప్పుడు వినిపిస్తే అక్కడ ముప్పు పొంచి ఉన్నట్టు. ఆ సంగతి గనిలో పని పర్యవేక్షించే సర్దార్‌కు, ఓవర్‌మన్‌కు చెప్పాక పని ఆగుతుందా, సపోర్టు పడుతుందా అన్న దాని మీద ప్రాణాలు ఆధారపడతాయి. అందుకే 1955 నాటి మైన్స్ రూల్స్ వందమందికి మించి పనిచేసే గనిలో కార్మికులతో కూడిన రక్షణ కమిటీ ఉండాలన్నాయి. ఆఫీసులో డొల్ల చప్పుడుకు ప్రాణాలు పోకపోవచ్చు. జవాబు లేకపోతే మనసు చచ్చిపోవడం మాత్రం అక్కడా జరుగుతుంది.

ఇవన్నీ సరే, అసలు సంగతి జీతం కదా అని శ్రోతల్లో కొందరు అనుకుంటూ ఉంటారు. ఆ మాటలో న్యాయముంది. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు రెండు వందలమంది ఇంజనీర్లతో, అకౌంటెంట్లతో మాట్లాడి 1959లో ఒక పుస్తకం తెచ్చింది. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, అవి సరిగా ఉన్నంత మాత్రాన ఉత్సాహం పుట్టదు, ఉత్సాహం పని నుంచీ గుర్తింపు నుంచీ ఎదుగుదల నుంచీ వస్తుంది అని అందులో చెప్పారు. ఆయన పద్ధతిని తర్వాత చాలామంది విమర్శించారు. అయినా ఒక హెచ్చరికగా ఆ మాట నేటికీ పనికొస్తుంది. తక్కువ జీతానికి ప్రశంసాపత్రం బదులు కాదు. ఒకటో తారీఖున పడాల్సిన జీతం పదో తారీఖు దాకా పడకపోతే, ఓవర్‌టైమ్ లెక్క పేస్లిప్‌లో కనబడకపోతే, అక్కడ ఎంగేజ్‌మెంట్ గురించి మాట్లాడటమే అన్యాయం. అలాంటి చోట ఉద్యోగి ముందుగా చెప్పేది జీతం గురించే. హెచ్‌ఆర్ ఇవ్వాల్సిన మొదటి జవాబు కూడా దాని గురించే. నేను చెబుతున్న పద్ధతి జీతం ప్రశ్నను తప్పించుకునే దారి కాదు, దాన్ని యాజమాన్యం బల్ల మీదికి తీసుకెళ్లే దారి. పెంచగలిగితే పెంచాలి. పెంచలేకపోతే ఎందుకు పెంచలేమో, మళ్లీ ఎప్పుడు చూస్తామో లెక్కలతో చెప్పాలి. ఉద్యోగి కాదన్న మాటను కూడా భరించగలడు, కారణం తెలిస్తే.

విద్యావంతులైన విమర్శకులు మరో ప్రశ్న వేస్తారు. మనసు పెట్టి పనిచేసే ఉద్యోగుల వల్ల కంపెనీ బాగుపడుతుందా, బాగున్న కంపెనీలో ఉద్యోగులు సహజంగా ఉత్సాహంగా ఉంటారా? మొదటి మాటకు ఆధారంగా 2002లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణను చూపుతారు. గాలప్‌తో కలిసి పరిశోధకులు 36 కంపెనీలలోని దాదాపు ఎనిమిది వేల విభాగాల లెక్కలు కలిపి చూశారు. ఎంగేజ్‌మెంట్ ఎక్కువున్నచోట ఖాతాదారుల తృప్తి, ఉత్పాదకత, లాభం ఎక్కువగా ఉన్నాయి, ఉద్యోగాలు వదిలిపోవడం, ప్రమాదాలు తక్కువగా ఉన్నాయి. కానీ మరుసటి ఏడాదే బెంజమిన్ ష్నైడర్ బృందం 35 కంపెనీల ఎనిమిదేళ్ల లెక్కలు చూసి, కంపెనీ లాభాలే ముందు, ఉద్యోగుల తృప్తి వాటి వెనక వస్తున్న సందర్భాలు బలంగా ఉన్నాయని చూపింది. ఈ ఆధారాన్ని దాచిపెట్టి వాదించడం నిజాయితీ కాదు. కాబట్టి ‘ఇది చేస్తే మీ లాభం ఇన్ని శాతం పెరుగుతుంది’ అని హెచ్‌ఆర్ యాజమాన్యానికి హామీ ఇవ్వకూడదు. నా వాదన అంత పెద్ద లెక్క మీద ఆధారపడటం లేదు కూడా. లాభాల ఊపులో ఉన్న కంపెనీలో అందరూ నవ్వుతూనే ఉంటారు, అక్కడ పరీక్ష లేదు. ఆర్డర్లు తగ్గిన ఏడాది, ఇంక్రిమెంట్లు ఆగిన ఏడాది ఉద్యోగులు కంపెనీ మాటను నమ్ముతారా లేదా అన్నదే పరీక్ష. ఆ నమ్మకం మంచి రోజుల్లో చిన్న చిన్న మాటలకు నిజమైన జవాబులు ఇస్తూ పోగు చేసుకోవాల్సిందే.

హెచ్‌ఆర్ ఎవరి పక్షం అన్న ప్రశ్న అన్నిటికంటే కఠినమైనది. జీతమిచ్చేది యాజమాన్యం, మరి ఉద్యోగి గోడు ఎలా మోస్తారు? చరిత్ర చూస్తే మన దేశంలో ఈ వృత్తి పుట్టిందే ఆ గోడు నుంచి. 1929లో నియమితమైన రాయల్ కమిషన్ ఆన్ లేబర్, మిల్లుల్లో మేస్త్రీలు పని ఇప్పించడానికి కూలీల దగ్గర లంచాలు దండుకోవడం చూసి, నియామకాలకూ ఫిర్యాదులకూ లేబర్ ఆఫీసర్లను పెట్టాలని 1931లో సిఫారసు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు వందలమంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలంది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో వందమంది ఉన్నచోట యాజమాన్యం, కార్మికులు సమానంగా కూర్చునే వర్క్స్ కమిటీ ఉండేది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని కొనసాగిస్తూనే, ఇరవైమంది ఉన్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని, ఫిర్యాదు అందిన ముప్పై రోజుల్లో తేల్చాలని చెబుతుంది. అంటే జవాబు చెప్పడం దయాదాక్షిణ్యం కాదని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. చాలాచోట్ల ఈ కమిటీలు తనిఖీ కోసం రాసిన కాగితాల్లోనే ఉండటం మన దౌర్భాగ్యం. హెచ్‌ఆర్ యాజమాన్యంలో భాగమే, దాన్ని దాచనక్కర్లేదు. సంఘానికి అది ప్రత్యామ్నాయం కాదు, కాకూడదు. ఉద్యోగి మాటను వక్రీకరించకుండా పైకి తీసుకెళ్లడం, పైవారి నిర్ణయాన్ని తీపి పూయకుండా కిందికి తీసుకురావడం, ఈ రెండూ చేస్తే ఇరుపక్షాలూ దాన్ని నమ్ముతాయి.

ఇక చేయాల్సిన పనుల్లోకి వద్దాం. మొదటిది, గోప్యత. సర్వేలో పేరు అడగరు కానీ విభాగం, వయసు, స్త్రీయా పురుషుడా, ఎన్నేళ్ల సర్వీసు అని అడుగుతారు. ఏడుగురున్న జట్టులో ఒక్క మహిళే ఉంటే, ఆమె పేరు రాయకపోయినా రాసినట్టే. అలాంటి చిన్న జట్ల ఫలితాలను విడిగా ఎవరికీ చూపకూడదు, చూపబోమని ముందే చెప్పాలి. రెండోది, ఏమీ చేయలేని విషయాన్ని అడగకూడదు. యాభై ప్రశ్నలు వేసి ఏదీ పట్టించుకోకపోవడం కంటే పది ప్రశ్నలు వేసి పదింటికీ జవాబివ్వడం మేలు. మూడోది, గడువు. సర్వే ముగిసిన రోజునే, ఫలితాలు ఏ తారీఖున అందరికీ చెబుతామో ప్రకటించాలి. ఆ రోజున ఒక పట్టిక గోడ మీద అతికించాలి: మీరు చెప్పింది, మేం చేసింది, చేయలేనిది, చేయలేకపోవడానికి కారణం. ఉదాహరణకు నైట్ షిఫ్ట్ రోస్టర్ ముందురోజు సాయంత్రం దాకా తెలియడం లేదని ఒక కాల్‌సెంటర్ ఉద్యోగులు చెప్పారనుకుందాం. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో, క్యాబ్ ఎన్నింటికి వస్తుందో తెలియక వాళ్లు పడే ఇబ్బంది ఏ మోటివేషన్ ప్రసంగంతోనూ తీరదు. రోస్టర్ వారం ముందు వేస్తే తీరుతుంది. వారం కుదరదు, నాలుగు రోజుల ముందు ఇవ్వగలం, ఎందుకంటే క్లయింట్ దగ్గర్నుంచి లెక్క అప్పుడే వస్తుంది అని చెప్పినా గౌరవం దక్కుతుంది. మౌనమే అవమానం.

హెచ్‌ఆర్ ఒంటిచేత్తో ఇదంతా చేయలేదు, రోజూ ఉద్యోగితో మాట్లాడేది టీమ్‌ లీడరో ఫోర్‌మనో అనే మాట నిజం. జట్ల మధ్య ఎంగేజ్‌మెంట్ తేడాలో కనీసం 70 శాతం మేనేజర్ వల్లే వస్తుందని గాలప్ అంటుంది. అంత కచ్చితమైన అంకెను నమ్మనక్కర్లేదు, దిశ మాత్రం సరైనదే. కానీ ఆ మేనేజర్‌ను ఎంపిక చేసే పద్ధతిని రూపొందించేది ఎవరు? హెచ్‌ఆరే. బాగా కోడ్ రాసేవారిని టీమ్‌ లీడ్‌గా, బాగా అమ్మేవారిని సేల్స్ మేనేజర్‌గా చేయడం మన అలవాటు. అమెరికాలో అమ్మకాల సిబ్బంది మీద జరిగి 2019లో వెలువడిన ఒక పరిశోధన, ఎక్కువ అమ్మినవారికే ఎక్కువగా ప్రమోషన్లు వచ్చాయని, వాళ్ల కింద పనిచేసినవారి అమ్మకాలు మాత్రం తగ్గాయని చూపింది. నైపుణ్యం ఉన్నవారికి మేనేజర్ కాకుండానే జీతం, హోదా పెరిగే దారి వేరే ఉండాలి. మేనేజర్‌గా వచ్చేవారిని జట్టు మాట వినే తీరు చూసి ఎంచుకోవాలి. అప్రైజల్ విషయంలోనూ మన దేశంలో ఒక మంచి దారి ఎప్పుడో పడింది. 1970లలో అహ్మదాబాద్ ఐఐఎం ఆచార్యులు ఉదయ్ పారీక్, టి.వి. రావు లార్సెన్ అండ్ టూబ్రో కోసం రూపొందించిన పద్ధతిలో ఉద్యోగి ఎదుగుదల గురించి కూర్చుని మాట్లాడటానికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. రేటింగ్, ఇంక్రిమెంట్ తేలే గదిలో ఏ ఉద్యోగీ తన బలహీనత చెప్పుకోడు. ఆ రెండు సంభాషణలూ వేర్వేరు రోజుల్లో జరగాలి. మేనేజర్ అప్రైజల్‌లో ‘జట్టు లేవనెత్తిన విషయాల్లో ఎన్నింటికి జవాబిచ్చారు’ అన్న గడి ఒకటి ఉండాలి.

మనం సులువుగా మరిచిపోయే మనుషుల గురించి కూడా చెప్పాలి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, నేల తుడిచే అమ్మ, క్యాబ్ డ్రైవర్, లైన్ మీద నిలబడే కాంట్రాక్టు కార్మికుడు, వీళ్లకు కంపెనీ మెయిల్ ఐడీ ఉండదు కాబట్టి సర్వే చేరదు. వాళ్లు వేరే ఏజెన్సీ మనుషులని హెచ్‌ఆర్ చేతులు దులుపుకుంటుంది. పని జరిగేది మన ఆవరణలో, తాగే నీళ్లు మన కుళాయివి, జరిగే అవమానం మన మేనేజర్ నోటి నుంచి. అలాంటప్పుడు జవాబు మాత్రం ఏజెన్సీది ఎలా అవుతుంది? సింగరేణి లాభాల్లోంచి 2024లో తొలిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా ఒక్కొక్కరికి 5 వేల రూపాయలు ఇచ్చారు. మొత్తంగా చూస్తే అది చిన్నదే. మీరూ మా లెక్కలో ఉన్నారన్న మాట అందులో ఉంది, ఆ మాట విలువైనది. చిన్న వ్యాపారులు మాకు హెచ్‌ఆర్ విభాగమే లేదు, ఇవన్నీ ఎలా కుదురుతాయి అనవచ్చు. పదిహేనుమంది పనిచేసే దుకాణానికి సర్వే అక్కర్లేదు. నెలకోసారి యజమాని అందరితో కూర్చుని, పోయిన నెల చెప్పినవి ఏమయ్యాయో ముందు చెప్పి, కొత్తవి తర్వాత అడిగితే చాలు. ఆ వరుస తప్పకుండా ఉంటే పెద్ద కంపెనీల కంటే ముందున్నట్టే.

చివరిగా యాజమాన్యాలకు ఒక మనవి. హెచ్‌ఆర్ పనితనాన్ని సర్వే స్కోరుతో కొలవడం ఆపండి. స్కోరే గురి అయితే, స్కోరు పెంచే మార్గాలే పుడతాయి. మంచి అంకెలు వేయమని మేనేజర్లు జట్టును బతిమాలుకోవడం చాలామందికి తెలిసిన విషయమే. దానికి బదులు మూడు నెలలకోసారి నాలుగు లెక్కలు అడగండి. ఎన్ని విషయాలు వచ్చాయి, ఎన్నింటికి జవాబు వెళ్లింది, ఎన్ని రోజుల్లో వెళ్లింది, కాదన్నవాటిలో ఎన్నింటికి కారణం చెప్పారు. ఆ జవాబులు తెచ్చే అధికారం కూడా హెచ్‌ఆర్‌కు ఇవ్వండి, ఏ విభాగాధిపతినైనా నిలదీసి అడిగే స్థానం ఇవ్వండి. హెచ్‌ఆర్‌లో ఉన్న యువతీయువకులకు నేను చెప్పేది, మీ చేతిలో ఉన్న అసలు శక్తి ఆ జవాబు రాబట్టడమే అని. ఉద్యోగులకూ ఒక మాట. అడిగినప్పుడు నిజం చెప్పండి, చెప్పాక ఏమైందని మళ్లీ అడగండి, ఒక్కరుగా అడగలేకపోతే కలిసి అడగండి, చట్టం మీకు కమిటీలు ఇచ్చింది, వాటిని కాగితం మీద ఉండనివ్వకండి. పని ఉన్న రోజున మెలకువగా ఉండే వేళలో దాదాపు సగం మనిషి పనిచేసే చోటే గడుపుతాడు. అక్కడ తన మాటకు విలువ ఉందని తెలిసినవాడు పనిని తనదిగా చేసుకుంటాడు. అలా చేసుకోవడానికి అడ్డుగా ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తొలగించడమే హెచ్‌ఆర్ వృత్తి ధర్మం.